8 జీబీ ల్యాప్‌టాప్, 40 ట్యాబ్‌లు, ఆగిపోయిన యాడ్ బ్లాకర్: ఏ బ్రౌజర్‌కి మారాలి?

మీరు అడిగినదాంట్లో మూడు సమస్యలు కలిసి ఉన్నాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో 40 ట్యాబ్‌లు తెరిస్తే క్రోమ్ మొరాయిస్తోంది. ప్రకటనలని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) పనిచేయడం మానేసింది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు ఉండాలి. ఉచిత బ్రౌజర్లలో దేనికి మారాలన్నది ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. రోజువారీ పనికి ఫైర్‌ఫాక్స్, పక్కన అవసరానికి ఎడ్జ్ (అది ఎలాగూ విండోస్‌తో వచ్చేసింది). సెట్టింగ్స్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఫైర్‌ఫాక్స్ స్థానంలో బ్రేవ్. వేగం చూసి మాత్రం బ్రౌజర్ ఎంచుకోవద్దు. తేడా ఉండేది అక్కడ కాదు.

మార్కెట్లో పేర్లు బోలెడు, లోపలి ఇంజిన్లు మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డి అన్నీ క్రోమియం అనే ఓపెన్ సోర్స్ కోడ్‌తో తయారైనవి. వాటిలో పేజీని గీసే ఇంజిన్ బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, ఆపిల్ వారి సఫారీది వెబ్‌కిట్. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ పెట్టుకుంది. అదే ఏడాది ఒపేరా తన సొంత ప్రెస్టో ఇంజిన్‌ని వదిలేసి ఇటు వచ్చింది. 2020 జనవరిలో ఎడ్జ్ కూడా వచ్చి చేరింది. అంటే ఇవి ఒకే ఛాసిస్ మీద వేరువేరు బాడీలు కట్టిన బస్సులు. క్రోమ్ నుంచి ఒపేరాకి మారినంత మాత్రాన పేజీలు చకచకా తెరుచుకోవు. ఒక సైట్ క్రోమ్‌లో సరిగా రాకపోతే ఎడ్జ్‌లోనూ దాదాపు అలాగే ఉంటుంది. రెండు బ్రౌజర్లు పెట్టుకోవాలంటే రెండు వేరు ఇంజిన్లవి పెట్టుకోమనేది ఇందుకే.

వేగం మీద అనుమానం తీరకపోతే స్పీడోమీటర్ 3 అనే పరీక్ష నడపండి. 2024లో ఆపిల్, గూగుల్, మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ తయారుచేసేది) కలిసి విడుదల చేసింది కాబట్టి ఒకరి పక్షం అనడానికి లేదు. ఛార్జర్ పెట్టి, మిగతా ప్రోగ్రామ్‌లన్నీ మూసి, ఎక్స్‌టెన్షన్లు లేని కొత్త ప్రొఫైల్‌లో మూడుసార్లు నడిపి, మధ్య అంకె తీసుకోండి. పాత ప్రొఫైల్‌లో పది ఎక్స్‌టెన్షన్లతో ఒక బ్రౌజర్, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఇంకొకటి పెట్టి పోల్చి "ఇది భలే ఫాస్ట్" అనేవాళ్లే ఎక్కువ. వాళ్లు కొలుస్తున్నది బ్రౌజర్‌ని కాదు, తమ ఎక్స్‌టెన్షన్లని.

ఇక ర్యామ్ సంగతి. క్రోమ్ మెమరీ తింటుందన్నది నిజమే గానీ, కారణం తెలిస్తే మిగతావీ తింటాయని అర్థమవుతుంది. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక సైట్ కోడ్ ఇంకో సైట్ డేటాని చదవకుండా ఒక్కో సైట్‌ని విడి ప్రాసెస్‌లో (తన సొంత మెమరీతో విడిగా నడిచే ప్రోగ్రామ్‌లా) నడపడం క్రోమ్ 67 నుంచి మొదలైంది. ఫైర్‌ఫాక్స్ 2021లో అదే చేసింది. ఈ భద్రతకి చెల్లించే ధర ర్యామ్. 40 ట్యాబ్‌లు 40 వేరు సైట్లవైతే ఏ బ్రౌజరైనా ఆ ధర కట్టాల్సిందే.

కాబట్టి ముందు దొంగ ఎవరో పట్టుకోండి. క్రోమ్‌లో షిఫ్ట్+ఎస్కేప్ నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. "మెమరీ ఫుట్‌ప్రింట్" కాలమ్ మీద నొక్కి పెద్దది నుంచి చిన్నది వరుసలో పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో "అబౌట్:ప్రాసెసెస్" అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మామూలు వార్తా పేజీ వంద ఎంబీ అటూ ఇటూగా ఉంటుంది. మెయిల్, ఆన్‌లైన్ ఎడిటర్లు, చాట్ లాంటి ట్యాబ్‌లు ఒక్కొక్కటి అంతకు నాలుగైదు రెట్లు తీసుకోవడం మామూలే. రోజుల తరబడి మూయకుండా ఉంచిన మెయిల్ ట్యాబ్ ఉబ్బుతూ పోతుంది. దాన్నొక్కదాన్ని రిఫ్రెష్ చేస్తేనే చాలా తిరిగొస్తుంది. ఇదే జాబితాలో ఎక్స్‌టెన్షన్లూ కనిపిస్తాయి. వాడని కూపన్ ఎక్స్‌టెన్షన్, స్పెల్లింగ్ దిద్దే ఎక్స్‌టెన్షన్ ప్రతి పేజీలోకీ తమ కోడ్ ఎక్కిస్తాయి కాబట్టి, ఆ కోడ్ బరువు మాత్రం ట్యాబ్‌ల లెక్కలో కలిసిపోయి విడిగా కనబడదు. తీసేసి చూస్తేనే తెలుస్తుంది.

వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే ఏర్పాటు ఇప్పుడు అన్నిటిలోనూ ఉంది, తీరు మాత్రం వేరు. క్రోమ్‌లో సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్, మెమరీ సేవర్. మూడు స్థాయిలుంటాయి, 8 జీబీకి మధ్యది చాలు. ఇది ట్యాబ్‌ని మెమరీ నుంచి పూర్తిగా తీసేస్తుంది, మళ్లీ నొక్కితే పేజీ మొదటి నుంచి లోడవుతుంది. ఎడ్జ్‌లోని స్లీపింగ్ ట్యాబ్స్ ముందు పేజీని గడ్డకట్టించి ఉంచుతుంది, అందుకే తిరిగి వెళ్తే వెంటనే లేస్తుంది. దాని మామూలు గడువు రెండు గంటలు. అది మీకు బాగా ఎక్కువ, 15 నిమిషాలకి దించండి. ఫైర్‌ఫాక్స్ మాత్రం సిస్టమ్‌లో మెమరీ నిజంగా అడుగంటినప్పుడే తనంతట తాను ట్యాబ్‌లని దించుతుంది. ముందుగానే దించాలంటే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి "అన్‌లోడ్ ట్యాబ్" ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయంలో ఎడ్జ్ పద్ధతే నాకు మెరుగనిపిస్తుంది. క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ వాడితే మెయిల్, మీటింగ్, సగం నింపిన ఫారాలు ఉండే సైట్లని "ఎప్పుడూ నిద్రపుచ్చొద్దు" జాబితాలో వేయండి. లేకపోతే నోటిఫికేషన్లు ఆగిపోతాయి, ఫారం ఖాళీ అవుతుంది.

ఈ పనికి విడిగా ఎక్స్‌టెన్షన్ మాత్రం పెట్టుకోవద్దు. గ్రేట్ సస్పెండర్ అనేది ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నదే. యజమాని మారాక అందులో హానికర కోడ్ చేరింది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసిన రోజు మంచిదైతే చాలదు. చేతులు మారితే అప్‌డేట్ చడీచప్పుడు లేకుండా మీ బ్రౌజర్‌లోకి వచ్చేస్తుంది.

మీ యాడ్ బ్లాకర్ ఎందుకు ఆగిందో ఇప్పుడు చూద్దాం. మీరు మారాలనుకోవడానికి అసలు కారణం ఇదే కావాలి. పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతిలో, అంటే మేనిఫెస్ట్ వీ2లో, బ్లాకర్ ప్రతి నెట్‌వర్క్ అభ్యర్థననీ మధ్యలో ఆపి, చూసి, వెళ్లనివ్వాలో వద్దో తానే తేల్చేది. కొత్త మేనిఫెస్ట్ వీ3లో ఆ అధికారం లేదు. బ్లాకర్ ముందుగానే నియమాల జాబితా ఇస్తుంది, దాన్ని చదివి ఆపేది బ్రౌజర్. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి 30,000 నియమాలకే గ్యారంటీ. అది దాటితే అన్ని ఎక్స్‌టెన్షన్లకీ ఉమ్మడిగా ఉన్న కోటాలోంచి తీసుకోవాలి. పైగా చాలావరకు నియమాలు ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీలోనే ఉంటాయి కాబట్టి, వాటిని మార్చాలంటే ఎక్స్‌టెన్షన్‌కే కొత్త వెర్షన్ రావాలి. వీడియో సైట్లు ప్రకటనల తీరు ఈ రోజు మారిస్తే, పాత పద్ధతిలో గంటల్లో అందే సవరణ ఇప్పుడు ఆలస్యమవుతుంది. 2024, 2025లలో క్రోమ్ వీ2 ఎక్స్‌టెన్షన్లని దశలవారీగా ఆపేసింది. మీ యూబ్లాక్ ఆరిజిన్ పోయింది అందులోనే.

క్రోమ్‌లోనే ఉండిపోవాలంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. మామూలు బ్యానర్ ప్రకటనలకి బాగానే సరిపోతుంది. దాని ఐకాన్ నొక్కి, ఒక్కో సైట్‌కి ఫిల్టరింగ్ స్థాయిని "కంప్లీట్" వరకు పెంచుకోవచ్చు. అసలు యూబ్లాక్ పూర్తి బలంతో పనిచేసేది ఫైర్‌ఫాక్స్‌లోనే, క్రోమ్‌లో వీ2 ఉన్న రోజుల్లో కూడా అంతే. రెండు సాంకేతిక కారణాలున్నాయి. బ్రౌజర్ తెరిచిన వెంటనే వచ్చే పేజీలని, బ్లాకర్ సిద్ధమయ్యేదాకా ఫైర్‌ఫాక్స్ ఆపి ఉంచగలదు. ట్రాకర్లు సైట్ సొంత డొమైన్ పేరు వెనక దాక్కుంటే, డీఎన్ఎస్‌లో (సైట్ పేర్లని సర్వర్ అడ్రస్‌లుగా మార్చే వ్యవస్థ) ఆరా తీసి అసలు పేరు బయటపెట్టే వీలు ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లకి ఇస్తుంది, క్రోమియం ఇవ్వదు.

బ్రేవ్ దారి వేరు. దాని బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ కాదు, రస్ట్ భాషలో రాసి బ్రౌజర్ లోపలే కలిపేశారు. కాబట్టి వీ3 దాన్ని తాకదు. ఇన్‌స్టాల్ చేసిన నిమిషం నుంచే పనిచేస్తుంది. షీల్డ్స్ అనే దాని రక్షణ సెట్టింగ్స్‌లో "అగ్రెసివ్" పెడితే ఇంకా గట్టిగా ఆపుతుంది, కొన్ని సైట్లు విరుగుతాయి కూడా. ఒపేరా, వివాల్డిలలోనూ సొంత బ్లాకర్లున్నాయి గానీ యూబ్లాక్, బ్రేవ్‌ల స్థాయి కాదు. ఏది వాడినా ఒకేసారి రెండు బ్లాకర్లు పెట్టొద్దు. ఒకటి నకిలీ స్క్రిప్ట్ పెట్టి సైట్‌ని ఏమారుస్తుంటే రెండోది దాన్నే ఆపేస్తుంది, చివరికి "యాడ్ బ్లాకర్ తీసేయండి" అన్న బోర్డు మీ ముందు నిలబడుతుంది.

కుకీల (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న డేటా) విషయానికొస్తే, ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కో సైట్ కుకీలని దాని డబ్బాలోనే బంధించి ఉంచుతోంది. సఫారీ 2020 నుంచి మూడో పక్షం కుకీలని (మీరు తెరిచిన సైట్‌వి కాక అందులో కలిసిన ఇతర కంపెనీలవి) పూర్తిగా ఆపేసింది, బ్రేవ్ మొదటి నుంచీ ఆపుతోంది. క్రోమ్ తీసేస్తామని ఏళ్ల తరబడి చెప్పి 2024లో ఆ ఆలోచన మానుకుంది. సెట్టింగ్స్‌లో మీరే ఆపుకోవాలి. ఇన్‌కాగ్నిటో గురించి ఒక్క మాట: అది మీ కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది, అంతే. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి, లాగిన్ అయిన సైట్‌కి మీరు కనిపిస్తూనే ఉంటారు. ఒపేరాలో ఉచితంగా వచ్చే వీపీఎన్ కూడా ఆ బ్రౌజర్ ట్రాఫిక్‌ని మాత్రమే దారి మళ్లించే ప్రాక్సీ. మిగతా ప్రోగ్రామ్‌లకి దానితో సంబంధం లేదు.

ఉచితమంటే డబ్బు ఎవరో ఇస్తున్నారనేగా. మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా, ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్‌ని డిఫాల్ట్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చేదే. 2025 ఫిబ్రవరిలో మొజిల్లా తన షరతులు మార్చి, "మీ డేటా ఎన్నటికీ అమ్మం" అన్న పాత వాక్యాన్ని తీసేసి చాలామందికి కోపం తెప్పించింది. బ్రేవ్ 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రస్ కొడుతుంటే తనకి కమీషన్ వచ్చే రిఫరల్ కోడ్ అతికించి దొరికిపోయింది, తర్వాత ఆపేసింది. మచ్చలేని బ్రౌజర్ కోసం వెతికితే బ్రౌజింగ్ మానుకోవాల్సిందే. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ విభాగంలో డేటా సేకరణ గుర్తులన్నీ తీసేయండి. బ్రేవ్‌లో రివార్డ్స్, వాలెట్, న్యూస్ ఐకాన్లు దాచేయండి. ఎడ్జ్‌లో షాపింగ్ సూచనలు, స్టార్టప్ బూస్ట్ ఆపేయండి. స్టార్టప్ బూస్ట్ ఉంటే ఎడ్జ్ మూసినా దాని ప్రాసెస్‌లు వెనక నడుస్తూనే ఉంటాయి. 8 జీబీ మెషీన్‌లో అది దండగ.

ఫైర్‌ఫాక్స్‌తో ఎక్కడ చిక్కు వస్తుందో కూడా చెప్పాలి. వెబ్ పేజీ నేరుగా యూఎస్‌బీ, బ్లూటూత్ పరికరాలతో మాట్లాడే వెబ్ యూఎస్‌బీ, వెబ్ బ్లూటూత్ అందులో లేవు. బ్రౌజర్ నుంచే ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ ఎక్కించే పేజీలు, కొన్ని కీబోర్డుల సెట్టింగ్స్ పేజీలు అందులో పనిచేయవు, ఎడ్జ్ తెరవాల్సిందే. డబ్బు కట్టి చూసే వీడియో సర్వీసుల్లో 4కె నాణ్యత కావాలన్నా విండోస్‌లో ఎడ్జే దారి, ఎందుకంటే హార్డ్‌వేర్ స్థాయి కాపీ రక్షణని అది వాడుకోగలదు. ఇక ఏదైనా సైట్ విరిగితే "ఫైర్‌ఫాక్స్ పనికిరాదు" అనేముందు ఈ వరుసలో చూడండి. అడ్రస్ బార్ పక్కన డాలు గుర్తు నొక్కి ఆ సైట్‌కి రక్షణ ఆపండి. కుదరకపోతే ఆ సైట్‌కి యూబ్లాక్ ఆపండి. అప్పటికీ కుదరకపోతే హెల్ప్ మెనూలో "ట్రబుల్‌షూట్ మోడ్" తెరవండి, అందులో ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోతాయి. అక్కడా విరిగితే అప్పుడు ఎడ్జ్. పదికి ఎనిమిదిసార్లు మొదటి రెండు మెట్లలోనే దోషి దొరుకుతుంది.

ల్యాప్‌టాప్ పాతదైతే వీడియో చూసేటప్పుడు ఫ్యాన్ అరుస్తుంది, చిత్రం ఆగి ఆగి వస్తుంది. అందరూ బ్రౌజర్‌ని తిడతారు, కారణం ఎక్కువగా కోడెక్, అంటే వీడియోని కుదించి మళ్లీ విప్పే పద్ధతి. యూట్యూబ్ ఈ మధ్య ఏవీ1, వీపీ9 ఫార్మాట్లలో పంపుతోంది. ఇంటెల్ ప్రాసెసర్లలో వీపీ9ని హార్డ్‌వేర్‌తో విప్పడం 7వ తరం నుంచి, ఏవీ1ని విప్పడం 11వ తరం నుంచి ఉంది. అంతకంటే పాతదైతే భారమంతా సీపీయూ మీద పడుతుంది. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరిస్తే కోడెక్ పేరు కనిపిస్తుంది. ఏవీ1 అని ఉంటే ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:కాన్ఫిగ్ తెరిచి "మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్" అన్నదాన్ని ఫాల్స్ చేయండి. వీపీ9 కూడా మోయలేకపోతే, హెచ్.264 అనే పాత కోడెక్ మాత్రమే అడిగే ఎక్స్‌టెన్షన్ పెట్టండి. 1080పీ దాటి రాదు, కానీ ఫ్యాన్ శాంతిస్తుంది. ఇవేవీ చేయకముందు సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎప్పుడో స్క్రీన్ మెరుస్తోందని దాన్ని ఆపేసి మరిచిపోయినవాళ్లు చాలామంది.

ఫోన్ సంగతి తేలిక. ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు లేవు. ఫైర్‌ఫాక్స్‌కి ఉన్నాయి, పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ సహా. ఐఫోన్ వాడేవాళ్లకి ఈ పోలికలో సగం వర్తించదు. యూరోపియన్ యూనియన్, జపాన్ బయట అక్కడి ప్రతి బ్రౌజర్ లోపలా వెబ్‌కిటే.

ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ డేటా ఒకేలా ఉంచే సింక్ దగ్గర జాగ్రత్త అవసరం. ఫైర్‌ఫాక్స్ మీ డేటాని మీ ఖాతా పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంతో ముందే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది, మొజిల్లా కూడా చదవలేదు. దానికి రెండో వైపు కూడా ఉంది: పాస్‌వర్డ్ మరిచిపోయి రీసెట్ చేస్తే సర్వర్‌లో ఉన్నది పోతుంది. ఖాతా తెరిచిన రోజే రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకోండి. క్రోమ్‌లో ఆ స్థాయి రక్షణ కావాలంటే సింక్ సెట్టింగ్స్‌లో విడిగా పాస్‌ఫ్రేజ్ పెట్టుకోవాలి. బ్రేవ్‌లో ఖాతాయే ఉండదు, వరుస పదాల కోడ్ ఒక పరికరం నుంచి ఇంకోదానికి ఇస్తారు. ఉన్న పరికరాలన్నీ పోయి ఆ కోడ్ కూడా లేకపోతే ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మిగతావి క్లుప్తంగా. వివాల్డి: ట్యాబ్‌లని పొరలుగా పేర్చడం, ఒకే కిటికీలో నాలుగు పేజీలు పక్కపక్కన పెట్టడం, మౌస్ సైగలు, మెయిల్ క్లయింట్ దాకా అన్నీ లోపలే. సర్దుకోవడం సరదా అయినవాళ్లకి దీన్ని మించింది లేదు, కానీ 8 జీబీలో దాని ఇంటర్‌ఫేసే కాస్త బరువు. ఒట్టి క్రోమియం: విండోస్‌లో తనంతట తాను అప్‌డేట్ కాదు, 2021 నుంచి గూగుల్ సింక్ కూడా లేదు, మామూలు వాడకానికి వద్దు. విండోస్ 7, 8.1 మీద ఉన్నవాళ్లకి క్రోమ్ 109తో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సవరణలు అందే వెర్షన్) వరకు వస్తుంది.

మారే పద్ధతి ఇది:

1. ఫైర్‌ఫాక్స్‌ని మొజిల్లా సొంత సైట్ నుంచే దించుకోండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన లింకులు నొక్కొద్దు.

2. సెట్టింగ్స్, జనరల్‌లో "ఇంపోర్ట్ బ్రౌజర్ డేటా" ద్వారా బుక్‌మార్క్‌లు, హిస్టరీ తెచ్చుకోండి. పాస్‌వర్డ్‌లు నేరుగా రాకపోతే కంగారు పడొద్దు. 2024 నుంచి క్రోమ్ విండోస్‌లో తన డేటాకి అదనపు తాళం వేస్తోంది.

3. అలాంటప్పుడు క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే సీఎస్‌వీ ఫైల్ వస్తుంది. అందులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లో (డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తరచూ అవుతాయి) దాచొద్దు. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్స్ పేజీలో "ఇంపోర్ట్ ఫ్రమ్ ఎ ఫైల్" చేశాక, షిఫ్ట్+డిలీట్‌తో తీసేయండి.

4. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్ర లేదా పిన్‌తో లాగిన్ అయ్యే తాళాలు) సీఎస్‌వీలో రావు. అవి వాడే సైట్లలో కొత్త బ్రౌజర్ నుంచి లాగిన్ అయి కొత్త పాస్‌కీ చేసుకోవాలి.

5. ప్రైవసీ విభాగంలో "ప్రైమరీ పాస్‌వర్డ్" పెట్టండి. ఇది లేకపోతే ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసుకున్నవాళ్లు మీ పాస్‌వర్డ్‌లన్నీ చదవగలరు.

6. యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటే వేయండి. పాత ఎక్స్‌టెన్షన్లన్నీ మొదటిరోజే తెచ్చిపెట్టుకోకుండా, లేక ఇబ్బంది అనిపించినప్పుడు ఒక్కొక్కటి చేర్చండి.

క్రోమ్‌ని వెంటనే తీసేయొద్దు, రెండు మూడు వారాలు ఉండనివ్వండి. ఏదో ఒక సైట్ పాస్‌వర్డ్ రాలేదని, ఏదో పాస్‌కీ అక్కడే ఉండిపోయిందని అప్పుడే తెలుస్తుంది. తీసేసేముందు క్రోమ్‌లోని పాస్‌వర్డ్‌ల జాబితాని ఫైర్‌ఫాక్స్ జాబితాతో ఒకసారి సరిపోల్చి, బుక్‌మార్క్‌లని హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టుకోండి.